ఉత్తరం బాల్కనీలో ఆంథూరియం: మే నెలలో ఆకులు మాడాయి, హాల్లో పెడితే పూలు ఆగాయి. ఎంత వెలుతురు కావాలి?

మిద్దెమొక్కలు_తిరుపతి | ఆగస్టు 24

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎం.ఆర్.పల్లి వైపు రెండో అంతస్తు. ఎనిమిదంగుళాల ప్లాస్టిక్ కుండీల్లో నాలుగు ఎర్ర ఆంథూరియంలు ఉన్నాయి. ఫిబ్రవరిలో కొన్నప్పుడు ఒక్కోదానికి మూడేసి పూలున్నాయి. ఉన్నది ఉత్తరం వైపు బాల్కనీ. వెడల్పు 5 అడుగులు, పైన స్లాబు నేల నుంచి 9 అడుగుల ఎత్తు, ముందు గోడ లేదు, కడ్డీల గ్రిల్లు. ఉత్తరం కదా, ఎండ పడదన్న లెక్కతో కుండీలు గ్రిల్లు పక్కనే పెట్టాం.

ఏప్రిల్ సగం దాకా బాగానే ఉన్నాయి. మే రెండో వారానికి బయటివైపు ఆకుల మీద పాలిపోయిన మచ్చలు వచ్చాయి. అవే తెల్లబడి, ఎండి, ముట్టుకుంటే కాగితంలా చిరిగేలా అయ్యాయి. హాల్లోకి, కిటికీకి 7 అడుగుల దూరంలోకి మార్చాక మచ్చలు ఆగాయి. కానీ అప్పటి నుంచి ఒక్క పువ్వూ లేదు. కొత్తాకులు ముదురు పచ్చగా, చిన్నగా వస్తున్నాయి. జానెడుండే కాడలు మూరెడు సాగి కిటికీ వైపు వాలుతున్నాయి.

అడగదలచుకున్నవి: రోజుకు ఎన్ని గంటల వెలుతురు కావాలి, ఏ రకం? షేడ్ నెట్ కడితే 50 శాతమా, 75 శాతమా? ఎరువు తక్కువై పూలు ఆగాయా?

---

నీడపందిరి

ఉత్తరం బాల్కనీకి ఎండ పడదన్న మాట మన ఊరికి వర్తించదండీ. ఢిల్లీలో మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణం వైపే ఉంటాడు. తిరుపతి 13.6 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏప్రిల్ 27 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, ఆ తర్వాత ఉత్తరానికి జరుగుతాడు. తిరిగి నడినెత్తి దాటి దక్షిణానికి వచ్చేది ఆగస్టు 16 ప్రాంతంలో. ఈ నూటపది రోజులూ మీ బాల్కనీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా సూర్యుడికి ఎదురుగా ఉన్నట్టే. మీ ఆకులు మే రెండో వారంలో మాడాయంటే లెక్క సరిపోయింది.

మీరిచ్చిన కొలతలతోనే చూడండి. జూన్ మూడో వారంలో మధ్యాహ్నం 12.15కి సూర్యుడు నిట్టనిలువు నుంచి 10 డిగ్రీలు ఉత్తరానికి వాలి ఉంటాడు. 9 అడుగుల స్లాబు కింద ఎండ పొడ అడుగున్నర మేరే లోపలికొస్తుంది. పొద్దున 8.15కి, సాయంత్రం 4 దాటాక మాత్రం అదే పొడ ఏటవాలుగా నాలుగున్నర అడుగులు లోపలికి పాకుతుంది. 5 అయ్యేసరికి మీ 5 అడుగుల బాల్కనీలో ఎండ తగలని జాగా ఉండదు, పక్కగోడ ఏదైనా అడ్డముంటే తప్ప. పొద్దుటి పొడ అంత చేటు చేయదు, రాత్రంతా చల్లబడిన ఆకు కొంత ఓర్చుకుంటుంది. సాయంత్రానికి గాలి 40 డిగ్రీలకు కాగి, ఆకు నీరసించి ఉన్నప్పుడు పడే ఎండే మాడ్చేస్తుంది.

ఇక హాలు సంగతి. మన కన్ను మసక వెలుతురుకు ఇట్టే సర్దుకుంటుంది కాబట్టి గది వెలుగ్గా ఉందనిపిస్తుంది. మొక్కకు ఆ సర్దుబాటు లేదు. మధ్యాహ్నం మిద్దె మీద ఎండ లక్ష లక్సు (వెలుతురును కొలిచే ప్రమాణం) దాకా ఉంటే, కిటికీకి ఏడడుగుల దూరంలో కొన్ని వందల లక్సు మించదు. ఆంథూరియం ఆకు బతకడానికి అది చాలు, పూయడానికి చాలదు. పూలకు రోజులో చాలా భాగం 10 వేల నుంచి 20 వేల లక్సు ఉండాలి. 5 వేల కన్నా తగ్గితే ఆకులే వస్తాయి. 25 వేలు దాటి చాలాసేపు తగిలితే ఆకు పసుపు తిరిగి, పువ్వు రంగు వెలిసిపోతుంది.

గంటల లెక్క అడిగారు. సూటి ఎండ గంటలు దీనికి సున్నా అయినా పరవాలేదు. పగలు పదకొండు పన్నెండు గంటలూ ఆకాశం కనబడే చోటుండాలి, సూర్యుడు కనబడకూడదు. ఆకు ఉన్న ఎత్తులో తలపెట్టి చూసుకోండి. నీలాకాశం కనబడి సూర్యుడు కనబడకపోతే అదే దాని చోటు.

వెలుతురు కొలిచే మీటరు లేకపోతే 12.15 ప్రాంతంలో ఆకుల ఎత్తులో తెల్లకాగితం పెట్టి, అడుగు పైన అరచెయ్యి చాపండి. వేళ్ళు గీత గీసినట్టు స్పష్టంగా పడితే వెలుతురు ఎక్కువ. అంచులు చెదిరి, చెయ్యని మాత్రం తెలిసేలా నీడ పడితే సరిగ్గా ఉంది. నీడే కనబడకపోతే చీకటి. ఫోన్ యాప్ వాడినా మంచిదే, కానీ సెన్సర్ స్క్రీను వైపు, చెవికి ఆనించే చోట ఉంటుంది. స్క్రీను ఆకాశం వైపు తిప్పి, ఆకు ఎత్తులో పట్టుకోవాలి. పొద్దున 9కి, 12.15కి, 4కి మూడు కొలతలు తీసి ఇక్కడ రాయండి, నెట్ సంగతి అప్పుడు చెబుతాను. చాలా ఫోన్లు 30, 40 వేల దగ్గరే ఆగిపోతాయి, అందుకని నేరుగా ఎండలో చూపే అంకెను లెక్కలోకి తీసుకోకండి.

---

కుండీమట్టి_చిత్తూరు

పై జవాబుకు కొంచెం కలుపుతున్నాను. ఎండమచ్చని నిర్ధారించుకోండి ముందు. ఎండ దెబ్బ ఎప్పుడూ సూర్యుడికి ఎదురుగా ఉన్న ముఖం మీదే పడుతుంది. పై ఆకు నీడ పడిన మేర కింది ఆకు పచ్చగానే మిగులుతుంది. కొన్నిసార్లు ఆ నీడ ఆకారం కత్తిరించినట్టు కనబడుతుంది. చోటు మార్చగానే మచ్చ ఆగిపోతుంది. మాడిన భాగం మళ్ళీ పచ్చబడదు, అలాగని ఆకు తీసేయకండి. సగం పచ్చగా ఉన్నంత కాలం అది మొక్కకు తిండి పెడుతూనే ఉంటుంది.

ఆకు అంచున నీళ్ళు ఇంకినట్టు మచ్చ మొదలై, చుట్టూ పసుపు వలయం కట్టి, నీడలో పెట్టినా పాకుతుంటే అది బ్యాక్టీరియా తెగులు. ఆ ఆకును కాడతో సహా తీసి పారేసి, కత్తెరను స్పిరిట్‌తో తుడవకుండా ఇంకో మొక్క మీద పెట్టకూడదు. కొనలు మాత్రమే గోధుమరంగుకు తిరిగితే ఉప్పు. తిరుపతి, చిత్తూరు బోరు నీళ్ళతో ఎక్కువగా కనబడేది ఇదే. మీది మీరు రాసిన తీరు చూస్తే ఎండే.

ఎరువు తక్కువై పూలు ఆగలేదు. పెద్ద మొక్కలో ప్రతి ఆకు మొదట్లోనూ ఒక మొగ్గ ఉంటుంది. వెలుతురు బాగుంటే ఏడాదికి ఐదు నుంచి ఎనిమిది ఆకులు, ఆకుకో పువ్వు. చీకట్లో ఆకైతే విచ్చుకుంటుంది, మొగ్గ మాత్రం గోరంత ఉండగానే ఎండిపోతుంది. కాడ మొదలు దగ్గర తొడుగు కొంచెం విప్పి చూడండి, వడిలిన మొగ్గలు దొరుకుతాయి. ఇప్పుడు ఎరువు వేస్తే ఆ చీకట్లో మొక్క వాడుకోలేదు, ఉప్పు పేరుకుని వేరు మాడుతుంది. వెలుతురుకు మారి, ఒక కొత్తాకు పూర్తిగా విచ్చుకున్నాక 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండే ఎరువు) లీటరుకు అర గ్రాము చొప్పున, పదిహేను రోజులకోసారి, తడి ఉన్న కుండీలోనే పొయ్యండి.

హాల్లో ఉన్నన్నాళ్ళూ బాల్కనీలో పోసినట్టే రోజూ నీళ్ళు పోశారా? వెలుతురు తగ్గితే మొక్క నీళ్ళు తాగడమూ తగ్గుతుంది. పనిలో పనిగా కుండీ బోర్లించి వేర్లు చూడండి. తెల్లగా, గట్టిగా ఉంటే సరే. గోధుమరంగులో ఉండి, వేళ్ళతో లాగితే పైపొర ఊడొచ్చి లోపల దారం మిగిలితే కుళ్ళింది. కుళ్ళిన మేర కోసేసి మట్టి మార్చాలి. మట్టి అన్నానే గానీ దీనికి ఎర్రమట్టి పనికిరాదు. కొలంబియా, ఈక్వెడార్ అడవుల్లో చెట్ల మానులకు అంటుకుని పెరిగే జాతి ఇది, వేరుకు గాలి ఆడాలి. కొబ్బరి డొక్క ముక్కలు రెండు పాళ్ళు, కట్టెబొగ్గు ముక్కలు ఒక పాలు, కడిగిన కోకోపిట్ ఒక పాలు, అడుగున గుప్పెడు ఇటుక ముక్కలు. కోకోపిట్ మూడుసార్లు నానబెట్టి పిండాకే వాడండి, లేకపోతే అందులోనూ ఉప్పే.

---

ఘాట్‌రోడ్డు_పలమనేరు

పలమనేరు, మదనపల్లె వైపు వాళ్ళు పై తేదీలు వాడుకోవచ్చు గానీ నీడ అంత దట్టంగా అక్కర్లేదు. రెండువేల అడుగులు దాటిన ఎత్తు కాబట్టి ఎండ అంతే ఉన్నా గాలి చల్లగా ఉంటుంది, పొద్దుటి ఎండ 9 దాకా తగిలినా ఆకు మాడదు. తిరుపతిలో ఏప్రిల్ నుంచి 8కే అడ్డు కట్టాలి. 35 డిగ్రీలు దాటితే వెలుతురు సరిగ్గా ఉన్నా ఆంథూరియం పెరగడం మానేస్తుంది. అందుకే రోహిణి కార్తెలో పూల కోసం చూడొద్దు, ఆకు నిలబెట్టుకుంటే చాలు.

ఇంకొకటి, వేసవిలో మిట్టమధ్యాహ్నం ఆకుల మీద నీళ్ళు చల్లకండి. బొట్లు భూతద్దంలా ఎండను పట్టి ఆకును కాలుస్తాయి.

---

మిద్దెమొక్కలు_తిరుపతి

ముగ్గురికీ చాలా థాంక్సండీ. వేర్లు చూశాను. మూడు కుండీల్లో తెల్లగా ఉన్నాయి, ఒకదాంట్లో అడుగున కొన్ని మెత్తబడ్డాయి, కోసేశాను. మొగ్గల సంగతి నిజమే, తొడుగులో ఎండిన కొనలు కనబడ్డాయి.

కొలతలు, మధ్యాహ్నం 12.15కి: హాల్లో 250, బాల్కనీలో గ్రిల్లుకు మూడడుగులు లోపల 3,500, గ్రిల్లు దగ్గర 9,000. పొద్దున 9కి, 4కి గ్రిల్లు దగ్గర 6, 7 వేలు ఉంది. అరచెయ్యి నీడ గ్రిల్లు దగ్గర చెదిరినట్టు పడుతోంది, లోపల అసలు పడట్లేదు. షాపులో 75 శాతం నెట్టే తీసుకోమంటున్నారు, అందరూ అదే కడతారట. అలాగే పక్కన ఒక పీస్ లిల్లీ ఉంది, అదీ ఫిబ్రవరి తర్వాత పుయ్యలేదు. దానికీ ఇదే లెక్కా?

---

నీడపందిరి

75 శాతం మీకు వద్దండీ. నెట్ మీద రాసే అంకె అది ఆపే ఎండ. 75 అంటే పావు వంతే లోపలికి వస్తుంది. తెరిచిన మిద్దె మీద, నెత్తిన ఆకాశమంతా ఉన్నచోట అది సరైన నెట్. లక్షలో పావు పాతిక వేలు, మన మొక్కకు అటూ ఇటూగా సరిపోతుంది. షాపువాళ్ళు చెప్పేది మిద్దె లెక్క. మీకు స్లాబే సగానికి పైగా ఆకాశాన్ని మూసేసింది. గ్రిల్లు దగ్గరి 9 వేలకు 75 శాతం నెట్ కడితే మిగిలేది రెండువేల పైచిలుకు. మళ్ళీ హాలు కథే.

మీకు కావలసింది 50 శాతం నెట్, అదీ ఏప్రిల్ 20 నుంచి ఆగస్టు 20 దాకా మాత్రమే, చాపలా చుట్టి పైకి కట్టుకునేలా. స్లాబు అంచున రెండు కొక్కేలు, వాటి మధ్య జి.ఐ. తీగ, నెట్ పైఅంచు తీగకు కేబుల్ టైలతో. కింది అంచుకు పాత పి.వి.సి. పైపు ముక్క కడితే గాలికి ఎగరదు. గ్రిల్లుకు బయటివైపు వేలాడాలి, ఆకులకు కనీసం అడుగు దూరంలో. నల్లటి నెట్ ఎండకు కాగుతుంది, ఆకుకు ఆనితే ఆనినచోట మచ్చ పడుతుంది. ఆ నాలుగు నెలలూ పొద్దున 10 దాకా, మధ్యాహ్నం రెండున్నర నుంచి చీకటిపడేదాకా దించండి. మధ్యలో పైకి చుట్టేసి కుండీలను గ్రిల్లుకు రెండడుగులు లోపల ఉంచండి, నడిమధ్యాహ్నపు పొడ అడుగున్నర దాటదు కాబట్టి అందదు. రోజూ దించి ఎత్తడం కుదరని ఇంట్లో పగలంతా దించే ఉంచండి. పూలు కొంత తగ్గినా ఆకు మిగులుతుంది. రెండు పొరలు 50 శాతం నెట్ వేస్తే మొత్తం ఎండ ఆగిపోతుందనుకుంటారు కొందరు. సగంలో సగం, అంటే పావు వంతు వస్తుంది, 75 శాతం నెట్ ఎంతో అదీ అంతే. పక్కల నుంచి గాలి ఆడనివ్వండి, చుట్టూ బిగించి కడితే లోపల ఉక్క పెరుగుతుంది.

ఇప్పుడు ఆగస్టు ఆఖరు. ఇకపై మార్చి దాకా గ్రిల్లు పక్కనే ఉంచొచ్చు. సెప్టెంబరు చివరి వారం నుంచి మార్చి మూడో వారం దాకా ఉత్తరం గోడకు సూటి ఎండ అసలు ఉండదు. ఈలోగా పొద్దున, సాయంత్రం గోడను రాసుకుంటూ వచ్చే పొడ ఉంటే ఆ కాస్సేపూ పాత తెల్ల పంచె అడ్డం కట్టినా చాలు. మీ 9 వేలు కొంచెం తక్కువే. వెనక గోడకు తెల్ల సున్నం వేసి, కుండీలను స్టాండు మీద రెండడుగులు ఎత్తులో పెడితే ఆకాశం ఎక్కువ కనబడుతుంది.

కానీ హాల్లోంచి నేరుగా గ్రిల్లు దగ్గరికి తేవద్దు. 250 లక్సులో పుట్టిన ఆకు పలచగా ఉంటుంది, మామూలుగా ఓర్చుకోవలసిన వెలుతురు కూడా దానికి దెబ్బే. మొదటి ఐదు రోజులు బాల్కనీ తలుపు దగ్గర, తర్వాత ఐదారు రోజులు మూడడుగుల దగ్గర, మూడో వారంలో గ్రిల్లు. సాగిన కాడలు మళ్ళీ కురచ కావు. కొత్తగా వచ్చే ఆకులు కురచ కాడలతో, వెడల్పుగా వస్తుంటే చోటు కుదిరిందని అర్థం. పువ్వు రెండో కొత్తాకుతో గానీ రాదు, అంటే రెండు మూడు నెలలు. పదిరోజులకోసారి చోటు మార్చి చూడకండి. కుండీని మాత్రం వారానికోసారి పావు వంతు తిప్పండి, వాలడం తగ్గుతుంది.

పీస్ లిల్లీకి ఇంకా తక్కువ చాలు, మీ మూడడుగుల దగ్గరి 3,500లో పూస్తుంది. ఫిబ్రవరిలో పూసి ఆగడానికి వేరే కారణం కూడా ఉండొచ్చు. అమ్మకానికి పెంచేచోట జిబ్బరెల్లిక్ ఆమ్లం పిచికారీ చేసి ఒకేసారి పూయించడం మామూలే. ఆ పూత అయిపోయాక చాలా నెలలు విరామం తీసుకుంటుంది, మొక్క తప్పేం లేదు.

---

కుండీమట్టి_చిత్తూరు

భూతద్దం మాట గురించి, ఘాట్‌రోడ్డు గారూ. నున్నటి ఆకు మీద బొట్టు పరుచుకుని అంటుకునే ఉంటుంది. కిరణాలు కలిసే చోటు ఆకు కిందెక్కడో పడుతుంది, ఆకు మీద కాదు. కాబట్టి కాలదు. నూగున్న ఆకుల మీద బొట్టు పైకి లేచి నిలబడితే తప్ప ఆ భయం లేదు. మధ్యాహ్నం చల్లొద్దన్న మాట వేరే కారణానికి సరైనదే. బోరు నీళ్ళు ఆ వేడికి నిమిషాల్లో ఆరి, ఉప్పు తెల్లటి పొరగా ఆకు మీద మిగులుతుంది. పొద్దున 7 లోపు చల్లడం మేలు. సాయంత్రం చల్లితే రాత్రంతా తడి నిలిచి తెగులు వస్తుంది.

నీళ్ళ గురించి ఇంకో రెండు మాటలు. ఆర్.ఓ. మిషను బయటికి వదిలే నీళ్ళు వృథా పోతున్నాయని చాలామంది మొక్కలకు పోస్తున్నారు. ఉప్పంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది, ఆంథూరియానికి అవి వద్దు. ఏ.సి. పైపు నుంచి కారే నీళ్ళు మంచివే, ఉప్పుండదు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానే పెద్ద వాన, ఒక డ్రమ్ము నింపి మూతపెట్టుకుంటే నాలుగు కుండీలకు చాన్నాళ్ళు వస్తుంది. నెలకోసారి కుండీకి రెండు లీటర్ల వాన నీళ్ళు నెమ్మదిగా పోసి కింద నుంచి కారిపోనివ్వండి, పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది. ఆ కారిన నీళ్ళు పళ్ళెంలో నిలవనివ్వకండి.

వచ్చే వేసవికి ప్లాస్టిక్ కుండీని పదంగుళాల మట్టి కుండీలో దించి, మధ్య సందులో ఇసుక పోసి తడుపుతూ ఉండండి. సాయంత్రం ఎండ నల్ల ప్లాస్టిక్‌కు తగిలితే ఆకు కన్నా ముందు వేరు ఉడుకుతుంది. వేర్లు కోసిన ఆ ఒక్క కుండీని మిగతావాటితో పాటు గ్రిల్లు దగ్గరికి తేకండి. కొత్త వేరు పట్టేదాకా, ఒక నెల, మూడడుగుల దగ్గరే ఉండనివ్వండి. నీళ్ళు పైన రెండంగుళాలు ఆరాకే.